డప్పు మనది, జాతర ఎవరిది?

(ఊరి జాతరలు - పెత్తనం అనే అంశం మీద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో జాతర గురించి మాట్లాడతామంటే మనవాళ్ళే కొందరు అడిగారు. "భూమి సంగతి ఉంది, కూలి సంగతి ఉంది, పిల్లల హాస్టళ్ళ సంగతి ఉంది. ఇవన్నీ పక్కనపెట్టి దేవుని ముచ్చట ఎందుకన్నా? దేవుని సంగతి దేవునికే వదిలెయ్యరాదా?" అన్నారు. సరే, దేవుని సంగతి దేవునికే వదిలేద్దాం. మనం మాట్లాడబోయేది దేవత గురించి కాదు. ఆ దేవత ముందు ఎవరు ముందు నిలబడాలో, ఎవరు ఎనక నిలబడాలో, ఎవరు అసలు నిలబడొద్దో తేల్చే మనుషుల గురించి. అది మాత్రం దేవునికి వదిలేసే సంగతి కాదు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఊరు లోపల లోపల నడిపే కులాన్ని జాతర నాడు నడిబజార్లో, డప్పుల మధ్య, అందరూ చూస్తుండగా నడుపుతుంది. కాబట్టి జాతరను అర్థం చేసుకున్నవాడికి ఊరు అర్థమవుతుంది.

పండుగ ఎవరి చేతుల మీద నడిచింది?

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ, పోలేరమ్మ, గంగమ్మ - వీళ్ళెవరూ అగ్రహారంలో పుట్టిన దేవతలు కాదు. యాపచెట్టు కింద, చెరువుకట్ట మీద, ఊరి పొలిమేరలో ఒక రాయి, రాయికి పసుపు, కుంకుమ బొట్లు. అంతే గుడి. పంతులు లేడు, మంత్రం లేదు, దక్షిణ లేదు. ఆడబిడ్డ తలస్నానం చేసి, కొత్తకుండలో అన్నం వండి, పైన దీపం పెట్టి, నెత్తిన మోసుకుపోయి తానే సమర్పించుకుంటుంది. అమ్మతల్లికీ ఆమెకూ నడుమ ఇంకెవరూ లేరు. మశూచి వస్తే, గత్తర వస్తే, వానలు పోతే జనం మొరపెట్టుకున్నది ఈ తల్లులకే.

ఈ పండుగ నడవాలంటే కుమ్మరి కుండ కావాలి, చాకలి చేయి కావాలి, బైండ్లవాళ్ళ జమిడిక కావాలి, మాదిగ డప్పు కావాలి, మాల కావాలి. బలి ఇచ్చేదీ, నెత్తుటన్నం కలిపి అర్ధరాత్రి పొలిమేర చుట్టూ పొలి చల్లేదీ, గావు పట్టేదీ వీళ్ళే. ఇది మేము ఊహించి చెబుతున్నది కాదు. మద్రాసు బిషప్పుగా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ దేశపు ఊరి దేవతల మీద 1916లో అచ్చేసిన పుస్తకంలో తెలుగు పల్లెల జాతరలు, అందులో మాల మాదిగల పాత్ర వివరంగా ఉన్నాయి. అంతకుముందు 1909లో థర్‌స్టన్ కులాల మీద వేసిన సంపుటాల్లో మాతంగి గురించి రాశాడు. మాతంగి అంటే మాదిగ స్త్రీ. జాతర నాడు దేవత ఆమె మీదికి వస్తుంది. ఆ ఊపులో ఆమె పెద్దకులాల వాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతుంది, వాళ్ళ మీద ఉమ్ముతుంది. వాళ్ళు దాన్ని అవమానం అనుకోరు, పుణ్యం అనుకుంటారు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ ఒక్క పూట మాదిగ ఆడమనిషి ఉమ్మి పవిత్రం. తెల్లారి అదే మనిషి పెద్దింటి గడప ముందుకు పోతే? బాయి కాడ ఆమె కడవ పక్కనున్న కడవకు తగిలితే? మైల! జాతర నాటి గౌరవం జాతరతోనే సరి. ఈ ఒక్కపూట గౌరవాన్ని చూపించే తరతరాలు మన నోరు మూయించారు. "మీరు లేకుంటే జాతరే లేదు గదరా" అంటారు. మేము లేకుంటే జాతర లేదన్నది నిజమే. మరి జాతర కమిటీలో మేము ఎందుకు లేము?

ఎల్లమ్మ కథ మీకు తెలిసిందే. పరశురాముడు తండ్రి మాట మీద తల్లి మెడ నరుకుతాడు. ఆమెను కాపాడబోయిన మాదిగ స్త్రీ తల కూడా తెగుతుంది. మళ్ళీ బతికించేటప్పుడు తలలు తారుమారై ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతుక్కుంటుంది. ఈ కథను పలుచోట్ల పలుతీర్ల చెబుతారు. మన ఊరి జాతర కూడా సరిగ్గా ఆ విగ్రహం లాగానే తయారైంది. పనిచేసే ఒళ్ళంతా మనది. పైనున్న తలకాయ వాళ్ళది.

మేర పోయింది, చాకిరి మిగిలింది

వెనుకటి రోజుల్లో ఈ పనికి ఒక లెక్క ఉండేది. అది న్యాయమైన లెక్క అని మేము అనడం లేదు. అది వెట్టే. కానీ వెట్టికి కూడా కళ్ళంలో మేర ఉండేది, కొన్ని ఊళ్ళలో కాస్త ఇనాం చెక్క ఉండేది, బలిచ్చిన దున్నపోతులో పాలు ఉండేది. ఇప్పుడు కళ్ళాలు పోయి కోత మిషన్లు వచ్చాయి. వడ్లు చేన్లోంచి నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. ఇక మేర ఎక్కడిది? ఇనాం చెక్కలు చాలాచోట్ల ఎవరి పట్టాలోకి పోయాయో మీకే ఎరుక. మేర పోయింది, మాన్యం పోయింది. డప్పు కొట్టాలన్న ఆర్డరు మాత్రం పోలేదు!

పట్నం నుంచి బ్యాండు తెప్పిస్తే వేల రూపాయలు బయానా ఇస్తారు. డీజే బాక్సులకు ముందే పైసలు కడతారు. టెంటు అతనికి, లైటింగు అతనికి, వంట మాస్టరుకు రసీదులుంటాయి. మూడు రోజులు మడిమెలు పగిలేదాకా ఎగిరి దరువేసినవాడికి మాత్రం ఓ సీసా, ఓ కోడి, భుజం మీద ఒక తువ్వాల. "ఇదేమన్నా కూలా, అమ్మవారి సేవ గదా" అంటారు. మరి టెంటు అతనిది సేవ కాదా? వంటాయనది సేవ కాదా? సేవ అన్న మాట మన దగ్గరికి వచ్చినప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

డప్పు ఉత్త తోలు కాదు, ఒక విద్య. చావు దరువు వేరు, పెండ్లి దరువు వేరు, బోనం దరువు వేరు, చాటింపు దరువు వేరు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం తన పేరునే దండోరా అని పెట్టుకుంది. ఎవరి బతుకులో డప్పు వెట్టికి గుర్తుగా ఉందో, వాళ్ళే దాన్ని హక్కుకు గుర్తుగా మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. సర్కారుకే అది కళ అని తెలిసినప్పుడు, ఊరి పెద్దమనిషికి ఇంకా తెలియకపోవడం ఏమిటి?

చావడి దిగిన పెత్తనం కమిటీ ఎక్కింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకప్పుడు పటేలు, పట్వారీ, దొర అంటే వాళ్ళే ఊరు. తీర్పూ వాళ్ళదే, జరిమానా వాళ్ళదే, జాతరా వాళ్ళదే. తర్వాత కాలం మారింది. 1993 ఏప్రిల్‌లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దళితులకు, స్త్రీలకు పంచాయతీల్లో రిజర్వేషన్లు రాజ్యాంగంలోనే రాసి పెట్టారు. తెలంగాణలో 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఎందరో మాల మాదిగ బిడ్డలు సర్పంచులయ్యారు. సంతోషం! కానీ ఆ సర్పంచమ్మను ఒక్క మాట అడగండి. "అమ్మా, ఈ ఏడు జాతర ఏ రోజు చేయాలో నువ్వు చెప్పగలవా? తొలి బోనం నీ ఇంటినుంచి లేస్తుందా?" ఆమె తల వంచుకుంటుంది.

ఎందుకంటే పెత్తనం తెలివైనది. కుర్చీ పోతుందని తెలియగానే కుర్చీ దిగి ఇంకో చోట కూర్చుంది. ఆ ఇంకో చోటు పేరు కమిటీ. ఉత్సవ కమిటీ అనండి, గుడి కమిటీ అనండి, నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీ అనండి. దానికి ఎన్నిక లేదు, రిజర్వేషన్ లేదు, ఆడిట్ లేదు. పంచాయతీరాజ్ చట్టంలో దానికి చోటే లేదు. అయినా అది చందా వేస్తుంది, వేలాలు పాడిస్తుంది, జరిమానా వేస్తుంది. ఎదురు తిరిగితే సాంఘిక బహిష్కరణ చేస్తుంది. దుకాణంలో ఉప్పు ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు అని చాటింపు వేయిస్తుంది. ఆ చాటింపు ఎవరితో వేయిస్తుంది? మనవాడితోనే!

కమిటీ చేతికి జాతర ఎందుకు అంత ముఖ్యం? మూడు కారణాలున్నాయి.

మొదటిది, పైసలు. ఇంటికింత అని చందా రాస్తారు. ఇల్లు పెంకుటిల్లా, మేడా అని చూడరు. వంద ఎకరాల ఆసామీ ఎంత ఇస్తే కూలికి పోయేవాడూ అంతే ఇవ్వాలట! వాడలో చర్చికి పోయే ఇంటిని కూడా వదలరు. ఊరి పేరు మీద వసూలైన డబ్బు ఎవరి ఇంట్లో ఉంటుంది? ఎవరికి వడ్డీకి పోతుంది? లెక్క అడిగితే "అమ్మవారి సొమ్మును అనుమానిస్తావా" అని ఎదురు తిడతారు. అమ్మవారి మీద మనకు అనుమానం లేదు. అనుమానం ఉన్నదల్లా పద్దు పుస్తకం మీద.

రెండోది, ఓట్లు. జాతర నాడు ఊరంతా ఒక్కచోట ఉంటుంది. ఇంతకంటే పెద్ద సభ ఏ పార్టీ పెట్టగలదు? అందుకే పొలిమేర దగ్గరినుంచే ఫ్లెక్సీలు. అమ్మవారి బొమ్మ అరచేయంత, నాయకుని బొమ్మ ఆరడుగులు. ఎమ్మెల్యే వస్తున్నాడంటే బోనాలు ఎండలో ఆగిపోతాయి. పొద్దుటినుంచి ఉపాసముండి, నెత్తి మీద మండే దీపంతో నిలబడ్డ ఆడబిడ్డ ఆయన కారు దిగేదాకా కదలొద్దు. తల్లి కోసం ఎత్తిన బోనం నాయకుని కోసం ఆగిన నాడే ఆ జాతర చేతులు మారింది.

పండుగను రాజకీయానికి వాడటం ఇప్పటిది కాదు. ఇంట్లో పూజలందుకునే వినాయకుణ్ణి 1893లో తిలక్ పూనా వీధుల్లోకి తెచ్చి పెద్ద సార్వజనిక ఉత్సవంగా నడిపించాడు. అది వందేళ్ళలో మన వాడల దాకా వచ్చింది. విగ్రహానికి నాయకుడే పైసలిస్తాడు, డీజేకీ ఆయనే ఇస్తాడు. చదువుకోవలసిన మన పిల్లలు ఆయన పేరున్న టీషర్టులు తొడుక్కుని ఎగురుతారు. కేసు అయితే మాత్రం ఆ పిల్లలే స్టేషన్లో ఉంటారు, ఆయన కొడుకు హైదరాబాదులో కోచింగులో ఉంటాడు. హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో 1994లో గణపతి లడ్డూను తొలిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2025లో అదే వేలం 35 లక్షలకు పోయింది. అక్కడి సొమ్ము మంచి పనికే పెట్టవచ్చు, దాని మీద మాకు పేచీ లేదు. ఆ పద్ధతి ఊరూరికీ పాకినప్పుడు ఏమైందో చూడండి. మొక్కు అన్నది పేదవాడికీ ఉంటుంది. వేలం పాట ఉన్నవాడికే ఉంటుంది. భక్తిని వేలానికి పెట్టాక దేవుని దగ్గర ముందువరస ఎవరికో వేరే చెప్పాలా?

మూడోది, ఈ రెండింటికంటే పెద్దది, మర్యాద. తొలి బోనం ఎవరిది, తొలి కొబ్బరికాయ ఎవరిది, తలపాగా ఎవరికి కడతారు, మైకులో ఏ పేరు ముందు చదువుతారు? ఇవి చిన్న ముచ్చట్లలాగా కనబడతాయి. కానీ ఊరు దేన్ని గౌరవిస్తుందో పసిపిల్లలకు నేర్పే బడి ఇదే. మన పిల్లవాడు అక్కడే నిలబడి చూస్తాడు. వాళ్ళ నాయన డప్పు కొడుతూ దుమ్ములో ఉన్నాడు, పటేలు కొడుకు తలపాగాతో గద్దె మీద ఉన్నాడు. ఆ ఒక్క చూపుతో వాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత మనం ఎన్ని క్లాసులు చెప్పినా ఆ చూపును తుడిచెయ్యడం కష్టం.

పోచమ్మకు గోపురం

ఈమధ్య ఊరూరా ఇంకో మార్పు చూస్తున్నాం. రియల్ ఎస్టేటులోనో, కాంట్రాక్టుల్లోనో నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ఆసామీ ఊరికి వస్తాడు. "మన పోచమ్మకు గుడి లేకుంటే ఎట్లా?" అంటాడు. యాపచెట్టు కొట్టేస్తారు, సిమెంటు గోపురం లేస్తుంది, రాయి పక్కకు జరిగి పాలరాతి విగ్రహం వస్తుంది. ప్రతిష్ఠకు పంతుళ్ళు వస్తారు, హోమం చేస్తారు. పోచమ్మ పేరు ముందు ఒక శ్రీశ్రీశ్రీ, పేరు వెనక ఒక పరమేశ్వరి చేరతాయి. గోడ మీద దాతల పేర్లతో నల్లరాయి పలక పెడతారు. ఇనుప గేటు పెడతారు. గేటుకు తాళం పెడతారు.

ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? అది అడగండి, చాలు. చెట్టు కింద రాయికి తాళం లేదు. గుడి వచ్చిందంటే లోపల, బయట అనేవి వచ్చాయి. లోపల పంతులు, గడప మీద దాత, మెట్ల కింద మనం. పొలి మోటు అంటారు, కల్లుశాక అపచారం అంటారు, జమిడిక గోల అంటారు. కథ చెప్పే బైండ్లాయన ఒక మూలకు, ఎల్లమ్మ వేషం కట్టే చిందువాళ్ళు ఊరి బయటికి. మనది అన్న దేవత దగ్గరే మనం పరాయివాళ్ళమవుతాం. బొడ్రాయి పండుగల్లోనూ ఇంతే. లక్షలు ఖర్చు, ఇంటింటికీ చందా, మంత్రాలు పంతులువి. పాత రాయిని కాపాడినవాళ్ళ పేరు మాత్రం పత్రికలో ఉండదు.

బలి గురించి కూడా ఒక మాట. గుళ్ళలో జంతుబలిని ఆపడానికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1950లోనే చట్టం వచ్చింది. మన పెద్దలు కూడా బలిని ప్రశ్నించారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి బలులు, తాగుడు, జోగిని ఆచారం వద్దని వాడవాడా తిరిగాడు. ఆయన చెప్పింది మన బాగు కోసం. పంతులు చెప్పేది మనం మోటువాళ్ళం అని. రెండూ ఒకటి కాదు. మన ఆచారంలో దేన్ని వదులుకోవాలో మనం కూర్చుని తేల్చుకుంటాం. మనల్ని వదిలించుకోవడానికి ఇంకొకడు తేలిస్తే ఒప్పుకోం.

రాష్ట్ర పండుగ అయినాక

తెలంగాణ వచ్చినాక 2014లో బోనాలను, బతుకమ్మను రాష్ట్ర పండుగలు చేశారు. ఎన్నడూ సర్కారు కంటికి ఆనని మన ఇంటి కుండకు ఆ గుర్తింపు రావడం మంచిదే. కాదనం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడి కథ ఏం చెబుతుంది? 1813లో గత్తర వచ్చి జనం రాలిపోతుంటే, ఉజ్జయినికి వెళ్ళిన పటాలంలో డోలీ మోసే సూరటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ నిలిపాడని చెబుతారు. అంటే ఈ పండుగను మొదలుపెట్టింది మోత మోసినవాడు. ఇప్పుడు అదే గుడికి ముఖ్యమంత్రులు, మంత్రులు పట్టువస్త్రాలు తెస్తారు. వాళ్ళు వచ్చే దారి వేరు, మనం నిలబడే లైను వేరు. మోత మోసినవాడి పండుగలో మోత మోసేవాళ్ళకు కట్టెల కంచె, కారెక్కినవాళ్ళకు పాసు.

అడవిలోనూ ఇదే తంతు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాల్లేవు, వేదమంత్రాల్లేవు. కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెల మీదికి తెస్తారు. 1996లో దాన్ని రాష్ట్ర పండుగ చేశారు. రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, కోటిమంది వచ్చారని లెక్కలు వచ్చాయి. అయితే రాజు మీద కత్తి ఎత్తిన తల్లీబిడ్డల జాతరలో ఏలినవారికి వీఐపీ గేటు పెట్టడం చూస్తే ఆ తల్లులు ఏమనుకుంటారో! సర్కారు డబ్బు ఇవ్వాలి, నీళ్ళు ఇవ్వాలి, ఆస్పత్రి పెట్టాలి. జాతర మాత్రం జాతర వాళ్ళ చేతుల్లోనే ఉండాలి. మేము అడిగేది అంతే.

నాసిక్ రథం చెప్పిన పాఠం

ఇక్కడ బాబాసాహెబ్ అనుభవం మనకు దారి చూపుతుంది. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలైంది. నెల దాటినా తలుపులు తెరుచుకోలేదు. ఏప్రిల్ 9న రథోత్సవం. అప్పుడు ఒక ఒప్పందం కుదిరింది. రెండు వైపుల మనుషులూ కలిసి రథం లాగాలని. మనవాళ్ళు నమ్మి వచ్చారు. తీరా వాళ్ళు చేయి వేయకముందే అవతలివాళ్ళు రథాన్ని లాక్కుని వేరే దారిన పోయారు. రాళ్ళ వర్షం కురిసింది, మనవాళ్ళ తలలు పగిలాయి.

ఆ రథం మీద మనవాళ్ళకు అంత మోజు ఉండి కాదు. ఆ తాడు పట్టుకునే చేతుల్లో మన చెయ్యి కూడా ఉండాలన్నదే పోరాటం. ఏళ్ళ తరబడి అది సాగింది, తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబర్ 13న యేవలాలో "హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను" అన్న నిర్ణయాన్ని బాబాసాహెబ్ ప్రకటించాడు. 1956 అక్టోబర్ 14న, విజయదశమి నాడు, నాగపూర్‌లో లక్షల జనంతో బౌద్ధం తీసుకున్నాడు. వాళ్ళ పండుగ రోజుకే మన అర్థం రాసి పెట్టాడు.

దీంట్లో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, నోటిమాట ఒప్పందాన్ని నమ్మొద్దు. "వచ్చే ఏడు చూద్దాం లేరా" అన్న మాట మన తాతలు విన్నారు, మన నాయనలు విన్నారు. రెండు, గౌరవం కోసం ఒకే గడప దగ్గర జన్మంతా కూర్చోనక్కర లేదు.

మనలో వచ్చే ప్రశ్నలు

ఊళ్ళలో తిరిగినప్పుడు మాకు మూడు మాటలు ఎదురవుతాయి.

"కొట్లాడితే అమ్మవారికి కోపం వస్తది, ఊరికి కీడు" అని మన ముసలమ్మలు అంటారు. అమ్మా, బిడ్డ కూలి అడిగితే కోపమొచ్చే తల్లి ఎక్కడన్నా ఉంటుందా? పంచాయితీ మనకూ కమిటీకీ. అమ్మవారిని నడుమ నిలబెట్టింది వాళ్ళు, మనం కాదు.

"ఈ పండుగలే మూఢనమ్మకం, మొత్తం మానెయ్యాలి" అని చదువుకున్న తమ్ముళ్ళు అంటారు. మానేస్తామన్నవాళ్ళను మేము ఆపం. బౌద్ధానికి పోయినవాళ్ళు, చర్చికి పోయినవాళ్ళు, దేన్నీ నమ్మనివాళ్ళు అందరూ మనవాళ్ళే. కానీ ఊళ్ళో అక్క బోనం ఎత్తుతుంటే, చిన్నాయన డప్పు కడుతుంటే, వాళ్ళను వదిలేసి మనం మాత్రం పట్నంలో విముక్తి పొందితే సరిపోదు. వాళ్ళు అక్కడ ఉన్నంత కాలం తలెత్తుకుని ఉండాలి. బయటికి వచ్చిన నాడు కూడా తలెత్తుకునే రావాలి.

"మాతంగి, జోగిని మన సంస్కృతి గదా, దాన్ని కాపాడుకోవాలి గదా" అని ఈమధ్య కొందరు కొత్తగా అంటున్నారు. దీనికి మా జవాబు ఖరాఖండిగా ఉంది. కథ మనది, పాట మనది, దరువు మనది - కాపాడుకుందాం. ఆడపిల్లను దేవుడికి వదిలి ఊరి మగవాళ్ళ పాలు చేసే దురాచారం మనది కాదు. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ - పేరేదైనా నష్టపోయింది మన బిడ్డే. 1988లోనే ఉమ్మడి రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. జాతరలో జోగినిని ఆడించి నోట్లు విసిరే పెద్దమనిషి సంస్కృతిని కాపాడటం లేదు, తన సరదాను కాపాడుకుంటున్నాడు.

ఏం చేద్దాం?

ఒకటి. జాతరకు నెల ముందే వాడలో అందరం కూర్చోవాలి. మాల, మాదిగ, ఉపకులాలు, ఆడవాళ్ళు అందరూ. వాళ్ళు మనల్ని విడదీసి ఒక్కొక్కరితో మాట్లాడక ముందే మన మాట ఒక్కటి కావాలి. బీసీ కులాల పేదలతో కూడా మాట్లాడాలి, ఎందుకంటే కుమ్మరికీ చాకలికీ కూడా మిగిలింది చాకిరే.

రెండు. డప్పు కొట్టాలా వద్దా అన్నది కొట్టేవాడి ఇష్టం. కొడితే రేటు, రోజులు, భోజనం ముందే కాగితం మీద రాయించుకోవాలి. సీసా కూలి కాదు. తాగించి కొట్టించుకునే పద్ధతికి మన ఆడవాళ్ళే అడ్డం పడాలి.

మూడు. చందా ఇచ్చినచోట రసీదు అడగాలి. జాతర అయిన పదిహేను రోజుల్లో జమా ఖర్చు ఊరి నడుమ చదివి వినిపించాలని ముందే చెప్పాలి. లెక్క చెప్పని కమిటీకి చందా లేదు.

నాలుగు. కమిటీలో మన ఆడా మగా ఉండాలి. మనల్ని పేరుకు ఒక్కడిని పెట్టి, సంతకానికి పిలిచి, నిర్ణయానికి మరచిపోయే పద్ధతి వద్దు. తొలి బోనం ఏటేటా వాడవాడకూ తిరగాలని అడగాలి.

ఐదు. పిల్లలను డీజే వెనక పంపొద్దు. జాతర ఊరేగింపు ఏ మసీదు ముందో, చర్చి ముందో ఆగి రెచ్చగొట్టే పాటలు పెడితే మనవాళ్ళు అందులోంచి బయటికి రావాలి. ఇంకొకడి కొట్లాటకు మన పిల్లల నెత్తురు పొలి చల్లొద్దు.

చట్టం కూడా తెలుసుకోవాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. వెట్టిని 23వ అధికరణ నిషేధించింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో దళితులను గుడిలోకి రానివ్వకపోవడం, ఊరేగింపుల్లో, జాతరల్లో పాల్గొననివ్వకపోవడం నేరమని స్పష్టంగా రాశారు. జాతర అన్న మాటే చట్టంలో ఉంది! సాంఘిక బహిష్కరణ నేరం. వెట్టి చేయించడం నేరం. దళిత స్త్రీని దేవుడికి వదలడం నేరం. ఎవరన్నా చాటింపు వేయిస్తే ఫోనులో రికార్డు చేయండి, తేదీ రాసి పెట్టండి, సాక్షుల పేర్లు రాసి పెట్టండి, ఒంటరిగా కాకుండా పదిమంది కలిసి స్టేషనుకు పోండి. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. కాగితం లేని కొట్లాట గాలికి పోతుంది.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో అవుతాయని మేము చెప్పడం లేదు. కొన్ని ఊళ్ళలో రేటు దగ్గరే పేచీ వస్తుంది, కొన్ని ఊళ్ళలో లెక్క అడిగినందుకే కూలికి పిలవరు. అందుకే పక్క ఊరివాళ్ళకు ముందే కబురు పెట్టుకోవాలి. ఒక వాడను బహిష్కరిస్తే నాలుగు వాడలు బియ్యం మూటలతో రావాలి. మన జాతర అంటే అది!

అన్నలారా, అక్కలారా! డప్పు ఊరిని నిద్రలేపడానికి పుట్టింది. ఎవరి ముందో ఎగరడానికి కాదు. కొట్టేది మనమైనప్పుడు ఏ దరువు వేయాలో తేల్చేదీ మనమే కావాలి. ఈ ఏడు జాతర చాటింపుకు మీ వాడకు మనిషి వచ్చినప్పుడు మొదట ఒక్క ప్రశ్న అడగండి: "కమిటీలో మావాళ్ళు ఎంతమంది?" దానికి జవాబు వచ్చినాకే డప్పుకు మంట కాపండి.

జై భీమ్!